ఇప్పచెట్టు మీది నులక కుర్చీ

మా తమ్ముడి కొడుకు నవీన్ కొత్తగూడెంలో బ్యాంకు ఉద్యోగి. ఆదివారం వచ్చిందంటే చర్చికి ఎగనామం పెట్టి, మెడలో కెమెరా వేసుకొని అడవిలో పిట్టల వెంట తిరుగుతాడు. మొన్న ఖమ్మంలో మా ఇంటికి వచ్చినప్పుడు కారు డిక్కీలోంచి నల్లటి సంచీ ఒకటి మోసుకొచ్చి, అందులోని సామానంతా హాల్లో నేల మీద పరిచాడు. ఇనుప చట్రం, మందపాటి బెల్టులు, స్పాంజి దిండు, కాళ్లు పెట్టుకునే కమ్మీ. చెట్టుకు బిగించుకొని గంటల తరబడి కూర్చునే కుర్చీ అట. ఫోన్లో ఆర్డరిస్తే గుమ్మంలోకి వచ్చిందట. మా హాల్లో చెట్టు లేదు కనుక దాన్ని సోఫాకు ఆనించి నన్ను కూర్చోబెట్టాడు.

"ఎట్లుంది అత్తా?" అన్నాడు.

"బస్సుల ఆడోళ్ల సీటు లెక్కున్నది" అన్నాను.

వాడు నవ్వాడు. "తాత గూడ గిసొంటిదే చేసుకున్నడంట గదా, వేటకు. నాయన చెప్పిండు. ఎట్ల చేసిండో నీకెర్కనా?"

మా తమ్ముడికి ఏం తెలుసని చెప్పాడో! అప్పటికి వాడు చంకపిల్లాడు. ఆ కుర్చీ మా నాయన ఒక్కడూ చేసుకున్నది కాదు, అందరం కలిసి చేశాం. పైగా వేటకు చేసిన ఆ కుర్చీ వేటకు ఒక్క పూట కూడా పనికి రాలేదు. ఎందుకు పనికి రాలేదో చెప్పాలంటే టీ చల్లారేలోపు అయ్యే పని కాదు. వాడికి సగం చెప్పి పంపించాను. ముప్ఫయ్యేళ్లు నర్సుగా దవాఖానా వార్డుల్లో తిరిగిన దాన్ని, ఏదైనా సగంలో వదిలేస్తే నాకు తోచదు. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మా నాయన పేరు యాకోబు. ఇల్లందు వైపు బొగ్గుబాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అది. ఆయనకు కట్టె సంగతి బాగా తెలుసు. దుంగ మీద బరువు పెరిగితే అది ముందు సన్నగా కిర్రుమంటుంది, ఆ తర్వాత టిక్కుమంటుంది. ఆ టిక్కు విన్నవాడు చేతిలో ఉన్నది పడేసి పరుగెత్తాలి. అట్లా తన చెవులతో ఎన్నోసార్లు తన జట్టును క్షేమంగా బయటికి తెచ్చాడని తోటివాళ్లు చెప్పుకునేవాళ్లు. ఒక్కసారి మాత్రం దుంగ ఏమీ చెప్పలేదు. ఎవరి తప్పూ లేదు, భూమి లోపలి సంగతి ఎవరికి తెలుస్తుంది? నాయన వెల్లకిలా పడిపోయాడు. ఛాతీకి జానెడు ఎత్తులో బండ ఆగింది. ఆ బండ కింద, ఆ చీకట్లో, కదలకుండా ఒక పూటంతా ఉన్నాడు. బయటికి తీసినప్పుడు తుంటి ఎముక విరిగి ఉంది. అది నెమ్మదిగా అతుక్కుంది. కుడికాలు కొంచెం ఈడ్చేవాడు, అంతే. చర్చిలో మా అమ్మ రూతమ్మ అందరి ముందూ లేచి నిలబడి దేవుడికి కృతజ్ఞతలు చెప్పింది. ఆయనకు నిద్ర లేకుండా పోయిందని ఇంటికి తెచ్చుకున్న తర్వాతే మాకు తెలిసింది.

మా క్వార్టరుకు రేకుల కప్పు. పగలంతా కాగిన రేకులు సాయంత్రం చల్లబడేటప్పుడు టిక్కు టిక్కుమంటాయి. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడే అది, మాకు వినిపించను కూడా వినిపించేది కాదు. నాయన మాత్రం ఆ చప్పుడు వినగానే కుంటుకుంటూ బయటికి వచ్చేసేవాడు. పోనీ వాకిట్లో మంచం వేద్దామంటే, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడేది కాదు, పక్కకు తిరిగితే తుంటి ఒప్పేది కాదు. గోడకు ఆనుకొని కూర్చుంటే, గోడలో ఎలుక గీరినా ఉలిక్కిపడేవాడు. డాక్టరు ఇచ్చిన బిళ్లలు వేసుకుంటే కాసేపు కన్ను మూతపడి, కేకతో లేచేవాడు. ఆ కేక మాకంటే ఆయన్నే ఎక్కువ భయపెట్టేది. దాంతో బిళ్లలు కూడా మానేశాడు. ఆయన మేలుకొని ఉన్నన్నాళ్లూ అమ్మ పక్కనే మేలుకొని ఉంది. పగలు ఇంటెడు చాకిరీ, రాత్రి ఆయన మోకాలి మీద చెయ్యి వేసుకొని కూర్చోవటం. ఇద్దరి కళ్ల కిందా కాటుక పూసినట్టు నలుపు దిగింది. నాయన చేతులు వణకటం మొదలైంది. తిన్నది నోట్లో మరిచిపోయేవాడు. తమ్ముణ్ణి ఎత్తుకోమంటే, వద్దు, జారవిడుస్తానేమో అనేవాడు.

ఎండాకాలం రాగానే సెలవు మీద అందరం అమ్మమ్మ ఊరికి వెళ్లాం. పాల్వంచ దాటి భద్రాచలం పోయే దారిలో రోడ్డు దిగి, ఇంకా చాలా దూరం నడిస్తే వస్తుంది. ఊరి వెనక వాగు, వాగు వెనక అడవి. బస్సు దిగి నడిచి వచ్చిన అలసట కూడా తీరకముందే అమ్మ పొయ్యి దగ్గర కూలబడి, అమ్మమ్మతో అన్న మాట నేను విన్నాను. "బతికి బయటపడ్డ మనిషి నా కండ్ల ముంగట సచ్చిపోతున్నడే అమ్మా" అంది. అమ్మమ్మ పొయ్యి మీద ఇప్పపువ్వు వేయిస్తోంది. గరిటె తిప్పటం ఒక్క క్షణం ఆపి, మళ్లీ తిప్పింది.

అమ్మమ్మ గురించి చెప్పాలి. తెల్లవారకముందే లేచి గోనెపట్టా మీద మోకరించి ప్రార్థన చేసేది. ఆ ప్రార్థన మా ఇంట్లో వాళ్లందరి పేర్లూ దాటి, ఇరుగు పొరుగు దాటి, చివరికి మేకల దగ్గరికి వచ్చేది. మేకలకూ పేరు పేరునా ఆశీర్వాదం కావాలి. ప్రభువుతో కూడా వాయిదా వేయనివ్వని గొంతుతో మాట్లాడేది. అది అయ్యాక పొయ్యి రాజేసి, పొగాకు ముక్క దవడన పెట్టుకొని, ఇక మధ్యాహ్నం దాకా నోటితో పని లేకుండా చేతులతోనే బతికేది. ఇల్లంతా వేయించిన ఇప్పపువ్వు వాసన, నువ్వుల వాసన, నీళ్లలో నానేసిన గోగునార వాసన. ఆ చివరిది వాసన అనటానికి లేదు, కంపే. కానీ ఇప్పటికీ వర్షానికి గోనెసంచీ తడిస్తే నాకు మొదట ఆమె చేతులే గుర్తొస్తాయి.

వాగు అవతల గూడెంలో సోమయ్య మామ ఉండేవాడు. కోయ మనిషి. అమ్మ పుట్టినప్పుడు అమ్మమ్మకు జబ్బు చేసి పాలు లేకపోతే, సోమయ్య మామ తల్లి తన పిల్లవాడితో పాటు మా అమ్మకూ పాలిచ్చిందట. ఆ వరసన ఆయన అమ్మకు అన్న, నాయనకు బావ, నాకు మామ. ప్రతి ఏడూ ఇప్పపువ్వు రాలే రోజుల్లో నాయన సెలవు పెట్టి వచ్చేవాడు. తెల్లవారుజామున బావా బావమరుదులిద్దరూ చెట్లెక్కి కూర్చునేవాళ్లు. రాలిన పువ్వు తినటానికి దుప్పులు వస్తాయి, పందులు వస్తాయి. మామ దగ్గర నాటు తుపాకి ఉండేది, చూరులో దాచేవాడు. చూరులో దాచే వస్తువంటేనే అది నేరమని వేరే చెప్పనక్కర లేదు. అప్పటికీ నేరమే. వాళ్లను నేను వెనకేసుకు రావటం లేదు, జరిగింది రాస్తున్నాను.

మేం వచ్చిన మూడో రోజో నాలుగో రోజో మామ వచ్చాడు. నాయన్ని చూసి, చూసినట్టు కనబడకుండా నేల వైపు చూస్తూ, "పువ్వు మంచిగ రాలుతున్నది బావా. దుప్పులు దిగుతున్నయి. ఒక పూట వస్తవా?" అన్నాడు. తన చిన్న చెల్లెలి సంబంధం ఖాయం చేసుకోవటానికి పక్క గూడెం పెద్దలు నాలుగైదు రోజుల్లో వస్తున్నారనీ, వాళ్లకు విస్తట్లో మాంసం పెట్టకపోతే పరువు పోతుందనీ చెప్పాడు.

నాయన కుడికాలు వైపు చూసుకున్నాడు. "కొమ్మ మీద కూసునే తుంటి కాదు బావా నాది" అన్నాడు.

అమ్మమ్మ దవడన పొగాకు పక్కకు నెట్టింది. "కొమ్మ మీద ఎవరు కూసోమన్నరు? చెట్టుకే కుర్సీ కట్టుకొని కూసో."

నాయన తలెత్తాడు. "కిర్రుమనకుండ చెయ్యొస్తదా?" అని అడిగాడు. ఎన్ని నెలలైందో ఆయన ఏదైనా ఒక సంగతి అడిగి. అమ్మ ఆ ఒక్క ప్రశ్ననూ చేతికి దొరికిన తాడులా పట్టుకుంది. ఆ పూటే పని మొదలైంది.

కర్ర ఎంపిక నాయనదే. వెదురు తెస్తే వద్దన్నాడు, అది ఎండే కొద్దీ అరుస్తుందట. పాత టేకు పట్టె తెస్తే వద్దన్నాడు. "సచ్చిన కట్టెను నేనింక నమ్మను. పచ్చిది కావాలె" అన్నాడు. మామ పచ్చి తునికి కర్ర కొట్టుకొచ్చాడు. నాయన వాకిట్లో కూర్చొని, వణికే చేతులతోనే, నాలుగు కర్రలతో చట్రం కట్టాడు. ఒక్క మేకు వాడలేదు. బెజ్జాలు తొలిచి, కర్ర కొనలు అందులో దూర్చి, పైన అడ్డతీగ నారతో బిగించాడు. బిగించాక నన్ను అందులో కూర్చోబెట్టి అటూ ఇటూ ఊగమనేవాడు. తాను నేల మీద ఒరిగి చెవిని కర్రకు ఆనించేవాడు. నాకు ఏ చప్పుడూ వినిపించకపోయినా, "ఇప్పు బిడ్డా" అనేవాడు. మూడుసార్లు విప్పి మూడుసార్లు కట్టాం. నాలుగోసారి చెవి ఆనించి చాలాసేపు అట్లాగే ఉండిపోయాడు. "అవ్, ఇగ సప్పుడు లేదు" అన్నాడు. ఆ చేతుల వణుకు పని మొదలెట్టినప్పుడున్నంత లేదని అమ్మ నాకు కళ్లతోనే చూపించింది.

వీపు వైపు చెక్క పెడతానని మామ అంటే నాయన ఒప్పుకోలేదు. తన వెన్ను నేరుగా చెట్టుకే ఆనాలన్నాడు. బతికున్న చెట్టు మోసం చెయ్యదని ఆయన నమ్మకం. చెట్టు బెరడు గుచ్చుకోకుండా భుజాల ఎత్తు దాకా నులకతో వదులుగా ఒక వల అల్లితే చాలన్నాడు. కూర్చునే చోటు అల్లే పని అమ్మమ్మది, నాది. తొడ మీద వేసి గోగునార పేనీ పేనీ నా తొడ కందిపోయింది, అరచేతులు బొబ్బలెక్కాయి. అమ్మమ్మ మంచం అల్లినట్టు కాకుండా, కుడివైపు తుంటి దిగటానికి ఎక్కువ వదులు, ఎడమవైపు తక్కువ వదులు ఇచ్చి అల్లింది. అంతా తడి నులకే. అల్లటం అయ్యాక కుర్చీని రెండు రాళ్ల మీద పెట్టి, "కూసో అల్లుడా. ఎండెదాక లేవకు" అంది. తడి నులక ఎండుతూ బిగుసుకుంటుంది, మనిషి కూర్చొని ఉంటే ఆ మనిషి కొలతకే బిగుసుకుంటుంది. నాయన లుంగీ తడిసి ఒంటికి అంటుకుపోయినా ఎండలో ఒక పూటంతా కూర్చున్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూసి నవ్వేవాళ్లు. "పసిపిల్లగాన్ని చేసిండ్రు నన్ను" అని నాయన విసుక్కుంటే, "లేస్తే మళ్ల తడుపుత" అని అమ్మమ్మ చెంబు పట్టుకొని కాపలా కూర్చుంది. అమ్మ నవ్వింది. ఆ నవ్వు విని తమ్ముడు కూడా నవ్వాడు, వాడికి ఏం అర్థమైందో.

ఇక అమ్మ వంతు. పాత చీరలు మడతలు పెట్టి కుట్టిన బొంత ఒకటి సీటు మీదికి, చిన్నది ఇంకొకటి మెడ కిందికి. కాళ్లు వేలాడితే తుంటి లాగుతుందని పాదాలు ఆనించుకోవటానికి అడ్డకర్ర కట్టించింది. అన్నిటికంటే చివర తన నూలు చీర ఒకటి తెచ్చి తాడులా మెలిపెట్టి, నడుముకూ చెట్టుకూ కలిపి రెండు చుట్లు తిప్పి కట్టుకోవాలని ఆజ్ఞ వేసింది. మామ మర్నాడు వచ్చి కుర్చీ చుట్టూ తిరిగి చూశాడు. సీటు నొక్కి చూశాడు, మెడ కింది బొంత ఎత్తి చూశాడు.

"చెల్లె, గిది వేట కుర్సీనా, బాలింత మంచమా?" అన్నాడు.

"ఎక్కేటోనికి లేని బాధ నీకేంది అన్నా?" అంది అమ్మ. మామ ఇంకేదో అనబోయి నాయన ముఖం చూసి ఊరుకున్నాడు. ఆ రోజు ఆయన మింగేసిన మాట ఏమిటో తర్వాత చెప్పాడు. వేటగాడెవడూ చెట్టు మీద సుఖంగా కూర్చోడట. రెండు కర్రలు అడ్డం కట్టుకొని, కాళ్లు వేలాడేసుకొని కూర్చుంటారు. కాసేపటికి తొడలు కోసుకుపోతాయి, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరే మనిషిని మేలుకొలుపుతూ ఉంటుంది. ఆ సంగతి ఇంట్లో మా ముగ్గురు ఆడవాళ్లకూ తెలియదు. తెలిసిన నాయన చెప్పలేదు. అన్నేళ్లు కొమ్మల మీద కూర్చున్న మనిషి ఎందుకు చెప్పలేదా అని నేను చాలాసార్లు ఆలోచించాను. మేం అంత ముచ్చటపడి చేస్తుంటే వద్దనలేకపోయాడనే అనుకుంటాను.

కుర్చీని మనిషిన్నర ఎత్తులో ఇప్పచెట్టుకు కట్టారు. ఎక్కటానికి మెట్లలాగా అడ్డకర్రలు కట్టి, వాటి ముడులు కూడా నాయనే సరిచూసుకున్నాడు. మర్నాడు తెల్లవారుజామున మామ వచ్చి నాయన్ని తీసుకుపోయాడు. అమ్మ ఇంట్లో నీళ్లు కాచి పెట్టి ఎదురుచూస్తూ ఉంది. వెలుగు రాగానే మామ భార్య కన్నమ్మ అత్త గంపలు తీసుకొని వచ్చి నన్ను పిలిచింది. పొద్దెక్కితే పువ్వు వాడిపోతుంది, మేకలు కూడా తినేస్తాయి. అందుకని వేటగాళ్లు దిగే వేళకు ఆడవాళ్లు పువ్వు ఏరటానికి వెళతారు. "సప్పుడింటివా?" అని అత్త దారిలో అడిగింది. లేదన్నాను. "ఇంక పేలలేదంటే రాలేదన్నట్టే" అని నిట్టూర్చింది. పెళ్లిపెద్దలు వచ్చేది ఆ మర్నాడే.

చెట్టు ఇంకా కొంచెం దూరం ఉందనగా అత్త నా భుజం పట్టి కిందికి నొక్కింది. ఇద్దరం పొద చాటున కూర్చుండిపోయాం. ఇప్పచెట్టు కింద నేలంతా పాలిపోయిన పువ్వు పరిచి ఉంది. ఆ తీపి వాసనకు తల బరువెక్కుతోంది. పువ్వు మధ్యలో ఐదు దుప్పులు. తలలు వంచి, తొందర లేకుండా తింటున్నాయి. ఒకటి సరిగ్గా నాయన పాదాల కింద ఉంది. పైకి చూశాను. నాయన తల పక్కకు వాలిపోయి మెడ కింది బొంతలో ఒదిగి ఉంది. నోరు తెరుచుకొని ఉంది. అమ్మ చీర నడుము చుట్టూ బిగిసి ఉంది. చేతులు ఒళ్లో ఉన్నాయి, ఆ చేతుల్లో వణుకు లేదు.

ఎదురుగా మద్దిచెట్టు కొమ్మ మీద సోమయ్య మామ. తుపాకి భుజానికి ఆనించి, గురి పెట్టి ఉన్నాడు. వేలు ఎక్కడుందో నాకు కనిపించలేదు. అత్త గోళ్లు నా భుజంలో దిగాయి. ఆమె పేలాలనే కోరుకుంటోందని నాకు తెలుసు. కోరుకోక ఏం చేస్తుంది? మర్నాటి విస్తళ్లు ఆమె వెయ్యాలి. మామ గురి మీద నుంచి కన్ను తీసి నాయన వైపు చూశాడు. మళ్లీ గురి చూశాడు. మళ్లీ నాయన వైపు చూశాడు. అప్పుడు తుపాకిని, పసిబిడ్డను పక్క మీద దించినంత నెమ్మదిగా, భుజం మీద నుంచి దించి తొడల మీద పెట్టుకున్నాడు. దుప్పులు కడుపు నిండా తిని, తమకు తోచినప్పుడు వెళ్లిపోయాయి. అత్త ఏరుకోవాల్సిన పువ్వు కూడా చాలావరకు వాటి కడుపులోకే పోయింది.

మామ మా ఇద్దర్నీ చూశాడు. వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. దిగటానికి వీల్లేదు, కొమ్మ కదిలితే చప్పుడవుతుంది. ఆయన కూర్చున్నది రెండు కర్రల మీద. అట్లాగే కూర్చున్నాడు, కాళ్లు వేలాడేసుకొని, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా. ఆ తర్వాత రెండు రోజులు సరిగా నడవలేకపోయాడు. "మీ నాయన పండుకున్నడు, నా కాళ్లు పండుకున్నయి" అని ఊరంతా చెప్పుకొని నవ్వించాడు. పెళ్లిపెద్దలకు అత్త గుడ్లు పొదుగుతున్న కోడిని కోసి పెట్టింది. గుడ్లన్నీ మురిగిపోయాయి. సంబంధం ఖాయమైంది. ఆ కోడి ఊసు ఆమె ఎన్నడూ నాయన ముందు ఎత్తలేదు. నేనే, చాలా ఏళ్ల తర్వాత, మంచంలో ఉన్న ఆమెకు జావ పట్టిస్తూ అడిగాను. "పొదుగు కోడినే ఎందుకు కోసినవ్ అత్తా?" అంటే, "ఇంట్ల ఉన్నది అదొక్కటే గదా బిడ్డా" అంది, అదేదో నాకు తెలియని లెక్క అన్నట్టు.

ఆ ఎండాకాలమంతా నాయన రోజూ ఆ చెట్టెక్కాడు. తుపాకి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఊళ్లోవాళ్లు "యాకోబు వేటకు పోతుండు" అని ఒకరికొకరు కన్ను గీటుకునేవాళ్లు. ఆయనకూ తెలుసు, ఆయనా నవ్వేవాడు. సెలవు అయిపోయే నాటికి మనిషి ముఖంలోకి మనిషి వచ్చాడు. బాయి పైన పనికి మార్చారు. క్వార్టరు వాకిట్లో ఉన్న వేపచెట్టుకు అటువంటిదే ఇంకొకటి కట్టుకున్నాం, నేలకు మూరెడు ఎత్తులో. కొన్నాళ్లు అందులో, ఆ తర్వాత గోడకు ఆనుకొని, ఎన్నాళ్లకో మంచం మీద. రేకులు టిక్కుమంటే మాత్రం చివరిదాకా కళ్లు తెరిచేవాడు. తెరిచి, అమ్మ ఉందా అని చూసుకొని, మళ్లీ మూసుకునేవాడు.

నవీన్ చేతికి ఒక గడియారం ఉంది. పొద్దున లేవగానే దాన్ని చూసుకొని, రాత్రి తాను ఎంతసేపు నిద్రపోయాడో తెలుసుకుంటాడు. తక్కువ చూపిస్తే ఆ రోజంతా నీరసంగా ఉంటాడు. నవ్వుతాను గానీ, నా బతుకు మాత్రం ఏమంత గొప్పగా ఉంది? మెత్తటి పరుపు, చల్లటి గది, నిద్రకు అరబిళ్ల. ఆ అరబిళ్ల కూడా ఈ మధ్య పనిచేయటం లేదు. వార్డులో ఉన్నన్నాళ్లూ నిద్ర పట్టని వాళ్లకు నేను సూది వేశాను, బిళ్ల ఇచ్చాను, లైటు తీసి వెళ్లాను. అది నా డ్యూటీ, బాగానే చేశాను. కానీ ఒక మనిషి నిద్రపోవటానికి ఇంతమంది చేతులు వెయ్యటం, ఒకరు నార పేని, ఒకరు కర్ర తెచ్చి, ఒకరు ఎదుట నిలిచిన దుప్పిని వదులుకోవటం మళ్లీ ఎక్కడా చూడలేదు. ఇప్పుడు ఎవరి నిద్ర వాళ్లదే. నాకు ఇది బాధగానే ఉంది, దాచుకోవటం ఎందుకు? పాత రోజులన్నీ మంచివని కాదు. ఆ రోజుల్లోనే బండ కూలింది.

ఒక్క సంగతి నవీన్‌కు చెప్పలేకపోయాను. ఆ మొదటి రోజు దుప్పులు వెళ్లిపోయాక, ఎండ చురుక్కుమంటున్న వేళ, అమ్మ వచ్చింది. తుపాకి చప్పుడు లేదు, మనుషులు తిరిగి రాలేదు. సద్ది గిన్నె పట్టుకొని దాదాపు పరుగున వస్తోంది. అత్త చెయ్యి ఊపి ఆగమన్నది ఆమె చూడలేదు. చెట్టు కిందికి వచ్చి తలెత్తింది. వాలిన తల, తెరుచుకున్న నోరు, ఒళ్లో కదలని చేతులు. అమ్మ చేతిలో గిన్నె వంగిపోయి గంజి నేల మీద కారింది. రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏమనుకుందో నాకు అర్థమైంది. పొద చాటు నుంచి లేచి పరుగెత్తబోయాను. అప్పుడే పై నుంచి గురక వినిపించింది. ఒకటి, కాసేపాగి ఇంకొకటి. పూర్వం మేమంతా చెవుల్లో వేళ్లు పెట్టుకున్న ఆ పాత గురకే.

అమ్మ ఏడవలేదు. గిన్నె కింద పెట్టింది. ఇంకో గురక వచ్చేదాకా నిలబడి వింది. ఆ తర్వాత దుప్పులు మిగిల్చిన పువ్వు మీద అట్లాగే కూర్చొని, అదే చెట్టుకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుంది. నేను ఆమె దగ్గరికి చేరేసరికి తల పక్కకు వాలిపోయింది. ఆయన నిద్ర పోగొట్టుకున్ననాటి నుంచి ఆమె కూడా నిద్రపోలేదని నాకు అప్పుడు గానీ తట్టలేదు. ఆమెకు ఎవరం ఏమీ అల్లలేదు. ఇప్పచెట్టుకు ఆ రోజుల్లో ఆకు ఉండదు, ఎండ కొమ్మల మధ్య నుంచి నేరుగా ఆమె ముఖం మీద పడుతోంది. నేను చప్పుడు కాకుండా వెళ్లి, అమ్మకూ ఎండకూ మధ్య నిలబడ్డాను.